జిప్సీ ఇంజనుకి కొత్త రాడ్ బోల్టులు: మేనల్లుడికి ఉత్తరం

జయపురం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

జిప్సీ జీపు ఇంజను విప్పేశావని, ఏఆర్‌పీ కంపెనీ రాడ్ బోల్టులకి ఆర్డరు పెట్టావని, అవి రాగానే బిగించేస్తానని రాశావు. బోల్టులు మార్చాలనుకోవడం మంచిదే. బిగించేస్తానన్నావే, అక్కడే నాకు టెన్షన్. పిస్టన్లని క్రాంకుతో కలిపే ఆ నాలుగు రాడ్లూ, ఇంజను రంధ్రాలు కొలిచి సరిచేసే బోరింగ్ షాపుకి వెళ్లిరాకుండా ఇంజనులోకి ఎక్కకూడదు. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కుతుంటే ఇంజను మూలుగుతుంది కదా, బోల్టులకి అప్పుడే కష్టమని చాలామంది అనుకుంటారు. కాదురా. రాడ్డు కింది చివర క్రాంకుని చుట్టి పట్టుకునే సగం చక్రం లాంటి ముక్కే క్యాపు, దాన్ని రాడ్డుకి బిగించేవి ఈ బోల్టులు. పేలుడు పిస్టన్‌ని కిందికి తోస్తే ఆ తోపుని రాడ్డూ, దానికీ క్రాంకుకీ మధ్య ఉండే షెల్ బేరింగు పై సగమూ మోస్తాయి. బోల్టుల పని, కాలిన గ్యాసుని పిస్టను బయటికి తోసే ఎగ్జాస్టు స్ట్రోకు చివర పడుతుంది. పిస్టను పైదాకా వచ్చి వెనక్కి తిరిగే ఆ క్షణంలో దాన్ని ఆపడానికి పైన గ్యాసు ఒత్తిడి ఉండదు, పట్టి లాగాల్సింది ఆ రెండు బోల్టులే. నీ ఇంజను స్ట్రోకు, అంటే పిస్టను పైనుంచి కిందికి నడిచే దూరం, 75.5 మిల్లీమీటర్లు. 7000 ఆర్‌పీఎం దగ్గర పిస్టను బరువులో ప్రతి 100 గ్రాములూ పావు టన్నుకి పైగా లాగుతాయి. 6000 నుంచి 7500కి వెళ్తే వేగం పెరిగేది పావు వంతు, బోల్టు మీద లాగుడు మాత్రం సగానికి పైగా పెరుగుతుంది.

అందుకే నాకు ఎక్కడం కన్నా పొట్టంగి నుంచి దిగడం మీదే భయం. నాలుగో గేరులోంచి మూడులో వెయ్యబోయి ఒకటిలో పడేశావనుకో, చక్రాలే ఇంజనుని తిప్పేస్తాయి. ఇంజను వేగం హద్దు దాటకుండా చూసే రెవ్ లిమిటరు పెట్రోలు ఆపుతుంది కానీ చక్రాలని ఆపలేదు.

బోల్టు అసలు చేసే పని క్యాపుని నొక్కి పట్టడం. బిగించినప్పుడు అది స్ప్రింగులా కొంచెం సాగుతుంది, వెనక్కి రావాలని చూస్తుంది, ఆ బలమే క్యాపుని పట్టి ఉంచుతుంది. ఈ బిగింపు ఇంజను లాగుడు కన్నా ఎక్కువుంటే తిరిగే ప్రతిసారీ బోల్టు మీద భారం పెద్దగా మారదు. తక్కువైతే క్యాపు సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, లోహం అలిసిపోతుంది. మా షెడ్డుకి వచ్చిన విరిగిన బోల్టులు కొన్ని దాచి ఉంచాను. ఒక దానికి నడుము సన్నబడి తెగింది. అది మోయలేనంత లాగుడికి తెగింది. ఇంకోదానికి నడుము సన్నబడనే లేదు. విరిగిన ముఖం చదునుగా ఉంది, ఒక అంచు నుంచి మొదలై వంపు తిరిగిన చారలు దాదాపు అవతలి అంచుదాకా ఉన్నాయి. అది చాలా రోజులు మెల్లమెల్లగా చీలింది. బోల్టు బలం చాలకపోవడం కన్నా బిగింపు చాలకపోవడం వల్లే ఇలాంటివి ఎక్కువ.

బోల్టు లోహం రకం విషయంలో ఎక్కువ ఆలోచించకు. ఏఆర్‌పీ 2000 చాలు, దాని తెగే బలం 2,20,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అదే కంపెనీ ఎల్19 రకం ఇంకా గట్టిది, కానీ తేమ తగిలితే చీలిక పట్టే గుణం దానికుంది. చెమట చేతులతో ముట్టుకోవడం కూడా మంచిది కాదు. మన కొరాపుట్ వానల్లో అది వద్దు.

ఇక బోరింగ్ షాపు సంగతి. కొత్త బోల్టు పాతదానికన్నా గట్టిగా నొక్కుతుంది, దాంతో బిగ్ ఎండ్ రంధ్రం, అంటే రాడ్డులో క్రాంకు కూర్చునే రంధ్రం, గుండ్రం తప్పుతుంది. రాడ్డులోకి దిగగొట్టే రకం బోల్టయితే మార్చేటప్పుడు క్యాపు కూడా కొంచెం జరగొచ్చు. కంటికి కనపడదు, షెల్ బేరింగుకి తెలుస్తుంది. కాబట్టి కొత్త బోల్టులతోనే పూర్తిగా బిగించి, బోర్ గేజితో కొలిచి, అవసరమైతే హోనింగ్, అంటే లోపల సన్నగా అరగదీయడం, చేయించాలి. క్యాపు మీదా రాడ్డు మీదా ఒకే నంబరు వెయ్యి. ఒకదాని క్యాపు ఇంకోదానికి మారితే రాడ్డు పాడైనట్టే.

బిగించడం నీ చేతి పని, తొందర పడకు. టార్కులో, అంటే తిప్పే బలంలో, ఎక్కువ భాగం మరల దగ్గరా నట్టు కిందా రాపిడికే పోతుంది, బోల్టుని సాగదీసేది పదో వంతు లాంటిదే. మరలకి ఏం రాశావన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. ప్యాకెట్‌తో వచ్చిన పేస్టుకి రాసిన టార్కు వేరు, ఇంజనాయిలుకి వేరు. పేస్టు టార్కే పెట్టి ఆయిలు రాస్తే బోల్టు సరిగా సాగదు. బోల్టు రెండు చివర్లా చిన్న గుంట ఉంటుంది, సాగుడు కొలిచే స్ట్రెచ్ గేజి సూదులు అక్కడ కూర్చుంటాయి. బిగించక ముందు పొడవు రాసుకో, కాగితంలో ఇచ్చినంత సాగిందాకా మెల్లగా బిగించు. కొత్త మరలు కదా, రెండు మూడుసార్లు బిగించి వదిలాకే ఆఖరి బిగింపు. గాలి ఒత్తిడితో బిగించే న్యూమాటిక్ గన్ను ఆ దరిదాపులకి కూడా తేకు.

ఎనిమిది బోల్టుల పొడవులూ ఒక నోటుబుక్కులో రాసి దాచు. మళ్లీ ఎప్పుడైనా విప్పినప్పుడు అంగుళంలో వెయ్యో వంతు పొడవు పెరిగి కనపడిన బోల్టుని పారెయ్. ఎంత ఖరీదైనా సరే.

బోల్టులు వచ్చాక రాడ్లతో పాటే గుడ్డలో చుట్టి విశాఖలో బోరింగ్ షాపుకి పంపించు, విడిగా వద్దు. స్ట్రెచ్ గేజి నా దగ్గరుంది. రాయగడ వైపు వచ్చే ఎవరితోనైనా పంపుతాను.

నీ మేనమామ