స్కాట్లాండ్ ఫుట్‌బాల్ నాలుగో అంచె లీగ్ టూలో చేరిన మేనల్లుడికి

చిన్నా,

క్లబ్బులో సంతకం పెట్టావని అమ్మ ఫోన్ చేసింది. చాలా సంతోషం. తెలుగు చదవడం నీకు కాస్త కష్టమే, అర్థం కానిచోట అమ్మ చేత చదివించుకో. ఇక్కడ స్కాట్లాండ్‌లోని ఆంగస్‌లో ఇరవై ఏళ్లు ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీలు ఉతికి, బూట్ల బురద గీకినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌షిప్ మాత్రం వదలకు. కింది లీగుల్లో చాలా కాంట్రాక్టులు ఏడాదికే. సీజన్ ముగిసే మే నెల వస్తుందంటే డ్రెస్సింగ్ రూమంతా టెన్షనే. మా కుర్రాడొకడు ఫుల్‌టైమ్ ఆఫర్ రాగానే ప్లంబింగ్ పని మానేశాడు. ఏడాది తిరిగేసరికి అక్కడ వద్దన్నారు. మళ్లీ పనిలో కుదురుకోవడానికి వాడికి రెండేళ్లు పట్టింది. వెళ్లమని వాడి భుజం తట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్పడం.

అర్బ్రోత్ జట్టులో ఆడిన బాబీ లిన్‌ని చూడు. డండీలో చెత్త బండి మీద పనిచేస్తూనే ఆడాడు. 2021-22లో ఆ పార్ట్‌టైమ్ జట్టు రెండో అంచె లీగైన ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానంలో నిలిచింది, పైన కిల్మార్నాక్ ఒక్కటే. నీకూ మంగళ, గురువారాల్లో పని దిగి నేరుగా ట్రైనింగే. నాలుగింటికే వ్యాన్‌లో అన్నం డబ్బా ఖాళీ చెయ్యి. ఆకలితో వెళ్తే అరగంటకే కాళ్లు వణుకుతాయి.

ఇక ఆట. మిడ్‌ఫీల్డర్‌కి తిండి పెట్టేది సెకండ్ బాల్, అంటే గాల్లో తలల పోరు అయ్యాక కింద రాలే బంతి. డిఫెన్స్ మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌లిద్దరూ గాల్లోకి ఎగిరినప్పుడు వాళ్లని చూస్తూ నిలబడకు. బంతి ఎక్కడ రాలుతుందో అక్కడికి రెండడుగులు ముందే వెయ్యి. ఇది నేర్చుకోవాలంటే అర్బ్రోత్ మైదానం గేఫీల్డ్‌కి మించిన బడి లేదు. గోడ అవతలే ఉత్తర సముద్రం. గాలి లేచిందంటే కీపర్ తన్నిన బంతి సగం దూరం వెళ్లి వెనక్కి తిరుగుతుంది. ఎదురుగాలిలో బంతిని మోకాలి ఎత్తు దాటనివ్వకు. అసలు ఎక్కువమంది చెడేది గాలి వెనక ఉన్నప్పుడు. సులువనుకుని పొడుగు పాస్‌లు కొడతారు, అన్నీ గోల్ లైన్ దాటిపోతాయి.

ఫోర్ఫర్, మాంట్రోజ్, అలోవాల్లో ప్లాస్టిక్ గడ్డి పిచ్‌లు. వాటికి వేరే బూట్లు ఉంచుకో. అక్కడ జారి టాకిల్ చేశావంటే మోకాలి తోలు లేస్తుంది, ఆ మంట ఆదివారం స్నానంలో తెలుస్తుంది.

సీజన్‌కి 36 మ్యాచ్‌లు, ఒక్కో జట్టుతో నాలుగేసి సార్లు. ఆగస్టులో నువ్వు మడమ తొక్కినవాడు నిన్ను ఇంకో మూడుసార్లు కలుస్తాడు, మర్చిపోడు కూడా. మార్చిలో బురదలో సున్నా-సున్నా డ్రా వస్తే మొహం మాడ్చుకోకు. మన పక్కనున్న బ్రెకిన్ జట్టు పట్టికలో అడుగున మిగిలి, లీగ్‌లో నిలవడానికి ఆడే ప్లేఆఫ్‌లో కెల్టీ హార్ట్స్ చేతిలో ఓడి, 2021లో లీగ్‌లోంచే పోయింది. అలాంటి ఒక్కో పాయింటే రేపు లెక్కకొస్తుంది.

నువ్వు ఫోర్ఫర్‌లో ఆడే రోజు గేటు దగ్గరే ఉంటాను. మ్యాచ్ అయ్యాక బ్రైడీ నా ఖర్చు. కజ్జికాయలా మడిచి, లోపల గొడ్డుమాంసం కూరి పెడతారు. ఈ ముక్క మాత్రం అమ్మ చేత చదివించుకోకు.

మామయ్య