కొత్త కాలేజీలో సీఎస్ఈనా, పేరున్న కాలేజీలో ఈసీఈనా?

మీ చిక్కు కాలేజీ పేర్ల దగ్గరే మొదలైంది. "కొత్త కాలేజీలో సీఎస్ఈనా, పేరున్నదాంట్లో ఈసీఈనా, ఆప్షన్లు ఎలా పెట్టాలి" అన్నారు. కాలేజీని కాదు, బ్రాంచిని తూచండి.

1. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ సైట్‌లో నిరుటి లాస్ట్ ర్యాంకుల పట్టిక (ఏ బ్రాంచిలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చెప్పేది) తీయండి. మీ కేటగిరీ, మీ జెండర్ కాలమ్ మాత్రమే చూడండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఆ బ్రాంచికి ఎన్‌బీఏ (కోర్సు నాణ్యతకు ఇచ్చే జాతీయ గుర్తింపు) ఉందా? న్యాక్ అనే మరో గుర్తింపు మొత్తం కాలేజీకి ఇస్తారు, ఎన్‌బీఏ ఒక్కో కోర్సుకు విడివిడిగా. గేటు మీద ఎన్‌బీఏ అని పెట్టిన బోర్డు మెకానికల్‌ది కావచ్చు, మీరు చేరేది ఏఐ-ఎంఎల్ కావచ్చు! ఎన్‌బీఏ సైట్‌లో కాలేజీ పేరు వెతికి, బ్రాంచి పక్కన గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. కొత్త బ్రాంచికి అది ఉండకపోవచ్చు. అప్పుడు అక్కడి సెకండియర్ వాళ్లను ల్యాబుల గురించి, పాఠం చెప్పేవాళ్ల గురించి అడగడమే దారి.

3. రెండు సిలబస్‌లూ తిరగేయండి. ఈసీఈలో వచ్చే సిగ్నల్స్ సబ్జెక్టు పేరు చూస్తేనే నీరసం వస్తే ఈసీఈ వద్దు.

4. ఆప్షన్లు మీకు నచ్చిన వరసలో పెట్టండి, లాస్ట్ ర్యాంకుల వరసలో కాదు. పైది రాకపోతేనే కిందిది చూస్తారు. వస్తే చేరను అనుకునేది ఆప్షన్లు ఫ్రీజ్ (ఖరారు) చేసేముందే తీసేయండి.