ఇంటి ఒప్పందం ఆగుతుంది, ముందు మొదటి ఆరు వారాల లెక్క చూడండి

ప్రశ్న: నాకు మాస్టర్స్‌లో సీటు వచ్చింది. టీచింగ్ అసిస్టెంట్‌గా నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తామన్నారు. ఊరు చాలా దూరం, అక్కడ మాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. క్లాసులు మొదలవడానికి ఇంకా 10 వారాలుంది. ఆన్‌లైన్‌లో ఒక ఫ్లాట్ చూశాను, ఫొటోలు బాగున్నాయి. ఈ వారంలోనే ఏడాది ఒప్పందం మీద సంతకం పెట్టి అడ్వాన్స్ పంపకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తానని యజమాని అంటున్నారు. అమ్మేమో నాతోపాటు వచ్చి వారం రోజులుండి అన్నీ సర్దిపెడతానంటోంది. ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో తెలియక రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: సీటు, స్టైపెండ్ రెండూ సంపాదించుకున్నారు, అభినందనలు. నేరుగా విషయానికి వస్తాను. ఈ వారం ఆ ఒప్పందం మీద సంతకం పెట్టకండి, డబ్బు పంపకండి. ఆయన మోసగాడని నేననడం లేదు, నిజాయితీపరుడే కావచ్చు. కానీ కంటితో చూడని ఇంటికి, ఒక్కసారి కూడా నడవని వీధిలో, ఏడాదిపాటు కట్టుబడమని మిమ్మల్ని తొందరపెడుతున్నారు. ఇల్లు ఖాళీగా ఉంటే నష్టం ఆయనకి, అందుకే ఆ తొందర. దాన్ని మీరు మీద వేసుకోనక్కర్లేదు.

రాబోయే రెండేళ్లనీ ఇంట్లో కూర్చునే, ఈ పది వారాల్లోనే ఖాయం చేసేయాలని మీరు చూస్తున్నారు. నిద్ర పట్టకపోవడానికి కారణం అదేనని నాకనిపిస్తోంది. అక్కడ దిగాక మొదటి ఆరు వారాలు ఎక్కడుంటారు, ఏ డబ్బుతో గడుపుతారు అన్నది మాత్రం ఇప్పుడు గట్టిగా తేల్చుకోండి. మిగతావి వెళ్లాక చూసుకోవచ్చు, అప్పుడే బాగా చూసుకోగలరు కూడా.

డబ్బు సంగతి ముందు చెప్తాను. నా దగ్గరికి వచ్చే పిల్లలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. స్టైపెండ్ ఎంతో అడ్మిషన్ లెటర్‌లో ఉంటుంది, మొదటిసారి ఎప్పుడు చేతికొస్తుందో చాలాసార్లు ఉండదు. జీతాల జాబితాలో మీ పేరు ఎక్కాలంటే రిజిస్ట్రేషన్ పూర్తవ్వాలి, గుర్తింపు పత్రాలు చూపించాలి, బ్యాంకు ఖాతా నంబరు ఇవ్వాలి. ఆ నెల జాబితా మూసేశాక మీ కాగితాలు చేరితే డబ్బు తర్వాతి నెలలోనే వస్తుంది. అలా మొదటి స్టైపెండ్ అందేసరికి ఆరు వారాలు, ఒక్కోసారి ఎనిమిది వారాలు కూడా పట్టొచ్చు. ఇంటి అడ్వాన్స్, మొదటి నెల అద్దె, ఫీజుల్లో మీరు కట్టాల్సిన భాగం, పరుపు, పుస్తకాలు అన్నీ మీద పడేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

కొన్నేళ్ల కిందట నా సలహాతో వెళ్లిన ఒక అబ్బాయి మూడో వారంలో ఫోన్ చేశాడు. ల్యాబ్‌లో అంతా బాగుంది, చేతిలో మాత్రం ఏమీ లేదు. ఇంట్లో చెప్తే కంగారుపడతారని ఎవరికీ చెప్పలేదట. కోర్సు గురించి, గైడ్ గురించి అతనితో గంటలు గంటలు మాట్లాడాను గానీ, మొదటి చెల్లింపు ఏ తేదీనో అడగమని చెప్పలేదు. ఆ ఫోన్ తర్వాత ఎవరికి సలహా చెప్పినా ఈ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను.

అందుకని ఇవాళే డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి మెయిల్ రాయండి. మొదటి స్టైపెండ్ ఏ తేదీన వస్తుంది, దానికి ఏ కాగితాలు ఎప్పటిలోపు ఇవ్వాలి, ప్రయాణ ఖర్చులకి సాయం ఏమైనా ఉందా, లేకపోతే మొదటి నెలకి అడ్వాన్స్ గానీ చిన్న అప్పు గానీ దొరుకుతుందా అని అడగండి. విద్యార్థుల అత్యవసరాల కోసం చాలా యూనివర్సిటీల్లో ఒక నిధి ఉంటుంది, అడగనివాళ్లకి దాని సంగతే తెలియదు. చేరకముందే డబ్బు గురించి అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఆ ఆఫీసువాళ్లకి ఏటా కొత్తవాళ్ల దగ్గర్నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. వాళ్ల జవాబు వచ్చాక రెండు నెలల ఖర్చు, ఇంటి అడ్వాన్స్, వీటికి తోడు ఇంటికి తిరిగి రావడానికి ఒక టికెట్ డబ్బు కలిపి లెక్క వేసుకోండి. ఆ టికెట్ డబ్బు వేరే ఖాతాలో పెట్టి ముట్టుకోకండి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే, టికెట్‌కి డబ్బెలాగని ఆలోచించే పరిస్థితి మీకు రాకూడదు.

ఇక ఇల్లు. యూనివర్సిటీ హాస్టల్‌కి దరఖాస్తు పెట్టారా? మీ ప్రశ్నలో ఆ మాటే లేదు. గడువు దాటిపోయినా వెయిటింగ్ లిస్టులో పేరు రాయించండి. సీటు తీసుకుని చివర్లో మనసు మార్చుకునేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు, క్లాసులకి ముందు రెండు మూడు వారాల్లో వాళ్ల గదులు ఖాళీ అవుతాయి. అది కుదరకపోతే క్యాంపస్ గెస్ట్‌హౌస్‌లోనో, సెలవులకో ఇంటర్న్‌షిప్‌కో వెళ్లిన సీనియర్ గదిలోనో మూడు వారాలకి చోటు చూసుకోండి. రోజు లెక్కన అద్దె కాస్త ఎక్కువే పడుతుంది. అయినా నచ్చని ఇంట్లో పదకొండు నెలలు ఇరుక్కుపోవడం కంటే అది చాలా చవక.

ఆ మూడు వారాల్లో ఇళ్లు చూడండి. దూరాన్ని మ్యాప్‌లో కిలోమీటర్లలో కొలవకండి, మీ క్లాసు వేళకి ఎంతసేపు పడుతుందో చూడండి. పనిరోజు పొద్దున ఒకసారి, రాత్రి ఆఖరి బస్సు వేళకి ఒకసారి వెళ్లి చూస్తే నిజం తెలుస్తుంది. వెళ్లడానికి 40 నిమిషాలు, రావడానికి 40 నిమిషాలు అనుకుంటే వారానికి ఐదు రోజులకి 400 నిమిషాలు, అంటే 6 గంటల 40 నిమిషాలు. క్లాసులుండే 30 వారాలకి 200 గంటలు. అద్దె తక్కువని దూరంగా ఇల్లు తీసుకునేటప్పుడు ఈ 200 గంటలని కూడా ఖర్చు కిందే రాసుకోండి. బస్సులో చదువుకోగలిగితే అది వేరే సంగతి. నిలబడి వెళ్లాల్సిన దారైతే మాత్రం ఆ సమయం పోయినట్టే.

సీనియర్లని అడిగేటప్పుడు ‘ఆ ఏరియా బాగుంటుందా?’ అని అడిగితే ‘ఆ, పర్లేదు’ అంటారు. దాంతో మీకేమీ తెలియదు. నిన్న రాత్రి ల్యాబ్ నుంచి ఇంటికి ఎలా వెళ్లారు, ఒంటరిగా నడిచారా, పోయిన చలికాలం ఇంట్లో ఎలా గడిచింది, ఇల్లు ఖాళీ చేసినప్పుడు అడ్వాన్స్ పూర్తిగా తిరిగొచ్చిందా అని అడగండి. అడ్వాన్స్ గురించి అడిగితే ఏ యజమాని ఎలాంటివారో తెలిసిపోతుంది. ఒక్కరినే కాకుండా ముగ్గురిని అడగండి, వాళ్లలో ఒకరైనా మొదటి ఏడాదివాళ్లు అయ్యుండాలి. కొత్తలో పడిన పాట్లు వాళ్లకే బాగా గుర్తుంటాయి.

రూమ్మేట్లతో కలిసి తీసుకుంటే ఒప్పందంలో ఒక విషయం వెతకండి. అద్దె మొత్తానికి అందరూ ఉమ్మడిగా బాధ్యులని రాస్తే, ఒకరు మధ్యలో వెళ్లిపోతే వాళ్ల వాటా మిగతావాళ్ల మీద పడుతుంది. ఎవరి వాటాకి వాళ్లే బాధ్యులని విడివిడిగా రాయించుకోగలిగితే మంచిది. కుదరకపోతే ఎవరితో ఉంటున్నారో బాగా తెలుసుకున్నాకే సంతకం పెట్టండి. ఇంట్లో అడుగుపెట్టిన రోజే, సామాను దించకముందే గోడలు, కుళాయిలు, కిటికీలు అన్నీ వీడియో తీసి యజమానికి మెయిల్ చేయండి. ఏడాది తర్వాత గోడ మీద మరక ఎవరిదన్న గొడవ వస్తే తేదీతో ఉన్న ఆ మెయిల్ అక్కరకొస్తుంది.

కాగితాల దగ్గర ఒక చిక్కుముడి వస్తుంది. బ్యాంకువాళ్లు అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు, ఇంటాయన బ్యాంకు ఖాతా అడుగుతారు, స్టైపెండ్‌కి ఆ ఖాతానే కావాలి. ఈ ముడి విప్పడానికి పనికొచ్చేది యూనివర్సిటీ ఇచ్చే ధ్రువీకరణ లేఖ. మీరు అక్కడ చదువుతున్నారనీ, ఫలానా చోట ఉంటున్నారనీ రాసిన లేఖ ఇస్తారేమో ముందే కనుక్కోండి. పాత ఫోన్ నంబరు మాత్రం ఆపేయకండి. పాత బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. అది ఆగిపోతే, మీ డబ్బు మీ ఖాతాలోనే ఉన్నా తీసుకోవడం కష్టమవుతుంది. దేశం దాటి వెళ్తుంటే రోమింగ్‌లో మెసేజీలు వస్తాయో లేదో బయల్దేరే ముందే చూసుకోండి.

టీకాల కాగితాలు కూడా ఇప్పుడే బయటికి తీయండి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకి కలిపి వేసే ఎంఎంఆర్ టీకా రెండు డోసులు వేయించుకున్నట్టు ఆధారం చూపమని చాలా యూనివర్సిటీలు అడుగుతాయి. రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. పదివారాల్లో ఇది తేలిగ్గా అయిపోతుంది, ఆఖరి మూడు వారాలకి వాయిదా వేస్తే కాదు. రోజూ వేసుకునే మందులుంటే డాక్టర్ చీటీతో, కంపెనీ ప్యాకింగ్‌లోనే తీసుకెళ్లండి.

సామాను గురించి పెద్దగా చెప్పను. మీరు అనుకున్నదాంట్లో సగం చాలు. మళ్లీ తెచ్చుకోలేనివి, అంటే సర్టిఫికెట్లు, మందులు, కళ్లజోడు, ల్యాప్‌టాప్ చేతి సంచిలో పెట్టుకోండి. విమానంలో వెళ్తుంటే పవర్ బ్యాంక్ కూడా చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ బ్యాగులో పెట్టనివ్వరు. మామూలుగా 100 వాట్ అవర్ల వరకు అనుమతిస్తారు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ దాదాపు 74 వాట్ అవర్లే కాబట్టి సరిపోతుంది. పుస్తకాలు బరువు, వాటిని స్కాన్ చేసుకోండి. మంచం, బల్ల లాంటివి అక్కడే దొరుకుతాయి, చదువైపోయి వెళ్లిపోయేవాళ్లు అమ్మేసి వెళ్తారు.

ప్రయాణం తేదీని క్లాసులకి పది పన్నెండు రోజుల ముందుకి పెట్టుకోండి. వారం మొదట్లో, సోమవారమో మంగళవారమో దిగేలా టికెట్ తీసుకోండి. శుక్రవారం రాత్రి దిగితే రెండు రోజులు ఆఫీసులన్నీ మూసే ఉంటాయి. ఎవరూ తెలియని ఊళ్లో, ఏ పనీ జరగని ఆ రెండు రోజులు చాలా పొడుగ్గా అనిపిస్తాయి.

అమ్మగారి విషయం ఆఖరికి ఉంచాను, తేలిగ్గా చెప్పేసే విషయం కాదని. మొదటి వారం మీరు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు, ఆవిడ ఒక చిన్న గదిలో మీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఉండబోయే ఇల్లే ఇంకా దొరకనప్పుడు ఆవిడ సర్దిపెట్టడానికీ ఏమీ ఉండదు. ఆరో వారానికి కథ వేరేగా ఉంటుంది. కొత్తదనం తగ్గి, మొదటి అసైన్‌మెంట్ మార్కులు అనుకున్నదానికంటే తక్కువగా వచ్చే రోజులవి. నేను చూసినంతలో పిల్లలు బెంగపడేది అప్పుడే. ఇల్లు కుదిరి ఉంటుంది, సర్దడానికి చేతినిండా పనీ ఉంటుంది. అప్పుడు రమ్మనండి. ఇప్పుడు వద్దనడం ఆవిడని దూరం పెట్టడానికి కాదని తెలిసేలా తేదీ ఖాయం చేసి, టికెట్ కూడా ఇప్పుడే తీసేయండి. ఎదురుచూడ్డానికి ఒక తేదీ ఉంటే మీ ఇద్దరికీ ధైర్యంగా ఉంటుంది.

ఆరో వారం దాటితే బెంగ పూర్తిగా పోతుందని నేను మాటివ్వలేను. 1955లో స్వెర్రె లిస్‌గార్డ్ అనే నార్వే సామాజిక శాస్త్రవేత్త, స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లొచ్చిన నార్వేవాళ్లని ప్రశ్నించి ఒక అధ్యయనం చేశారు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లూ, 18 నెలలు దాటినవాళ్లూ బాగానే సర్దుకున్నారు, ఆ మధ్యకాలం ఉండి వచ్చినవాళ్లే తక్కువ సర్దుకోగలిగారని తేలింది. అందరికీ ఇలాగే జరగదని తర్వాతి పరిశోధకులు చెప్పారు, అదీ నిజమే. ఒకవేళ ఏడో నెలలో దిగులనిపిస్తే మాత్రం, ఇన్నాళ్లైనా అలవాటు పడలేకపోయానని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. ఆ ఆఫీసు ఎక్కడుందో మొదటి వారంలోనే చూసి పెట్టుకోండి.

ఇప్పుడు ఆ ఇంటాయనకి ఏం రాయాలో చెప్తాను. ‘ఇల్లు నచ్చిందండీ. క్లాసులకి పది రోజుల ముందు వస్తాను, స్వయంగా చూసిన రోజే నిర్ణయం చెప్తాను. ఈలోగా వీడియో కాల్‌లో ఇల్లు చూపించగలరా?’ అని రాయండి. కాల్‌లో కుళాయి తిప్పి చూపించమనండి, కిటికీ తెరిచి బయట ఏముందో చూపించమనండి, వీధిలోకి వచ్చి ఇంటి నంబరు చూపించమనండి. ఆ ఫొటోలు వేరే ఊరి ప్రకటనల్లో కూడా ఉన్నాయేమో ఇంటర్నెట్‌లో వెతకండి. కాల్‌కి ఒప్పుకోకుండా డబ్బు మాత్రం ముందు పంపమంటే ఆ ఇంటిని వదిలేయండి. చక్కగా చూపించి, మీరొచ్చేదాకా ఆగలేనంటే అది ఆయన ఇష్టం, మరో ఇల్లు దొరుకుతుంది. ఆగుతానంటే ఒప్పందం కాపీ తెప్పించుకుని నాకు పంపండి. మధ్యలో ఖాళీ చేయాల్సొస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తారు అన్న రెండు చోట్లా ఏం రాశారో ఇద్దరం కలిసి చదువుదాం.