ఆ పళ్లెం గదిలోకి వెళ్లకూడదు

ప్రశ్న: మా రెండోవాడు ఇంటర్ రెండో సంవత్సరం. తాను అబ్బాయిని కాదని, అమ్మాయినని ఏడాదిగా చెబుతున్నాడు. మావారు మాటలు మానేశారు. వాడు భోజనానికి కూర్చుంటే ఆయన లేచిపోతున్నారని పళ్లెం గదిలోకే ఇస్తున్నాను. అంతా నా పెంపకమేనంటున్నారు. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. వాణ్ణి మార్చే డాక్టరు ఉన్నారా? పెళ్లయ్యేదాకా హాస్టల్లో ఉంచమంటారా?
ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, రెండూ వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వర్గీకరణలో దీన్ని మానసిక వ్యాధుల జాబితా నుంచి తీసేసింది. మారుస్తామంటూ చేసే చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. అలా చెప్పే డాక్టరు గుమ్మం తొక్కకండి. ఏడాదిగా తండ్రి మాటకు నోచుకోని బిడ్డ దిగులు పడుతుంటే, ఆ దిగులు కోసం మాత్రం మంచి సైకాలజిస్టుకు చూపించండి. ఇక హాస్టలంటారా, ఈ వయసులో ఇంటికి దూరమై చదువు తెగిన పిల్లలు ఎక్కడ తేలుతున్నారో కూడళ్ల దగ్గర మనమంతా చూస్తూనే ఉన్నాం.

ఉత్తరం చదివాక నా మనసు ఆ పళ్లెం దగ్గరే ఆగిపోయింది. మన ఇళ్లలో ఒక మనిషికి విడిగా వడ్డించడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. వెలివేసింది తండ్రే అయినా, ఆ వెలిని రెండు పూటలా మీ చేతులతో అమలు చేస్తున్నది మీరు. గొడవ పెరగకూడదనే చేశారు, నిజమే, కానీ తలుపు సందులోంచి పళ్లెం అందుకునే బిడ్డకు అమ్మ కూడా అటువైపే ఉందని అనిపించదా?

మీ అసలు సమస్య బిడ్డ కాదు, మీ వారి ఎదుట మీ మౌనం. పెంపకం తప్పన్నప్పుడు, అదే ఇంట్లో, అవే చేతుల్లో పెద్దమ్మాయి కూడా పెరిగిందన్న ఒక్కమాట మీరు అనలేకపోయారు. భర్త మాటను గౌరవించాలని నమ్మేదాన్నే నేనూ. అయితే చేయని నేరాన్ని ఒప్పుకోవడం గౌరవం కాదు. పిల్లలు లేనప్పుడు ఆయనతో కూర్చోండి. ఆయనకు భయం ఉంది, నలుగురిలో తలవంపులన్న బెంగ ఉంది. ఈ సంగతి జీర్ణం కావడానికి ఎంతకాలం పట్టినా ఇవ్వండి, పంక్తిలో కూర్చోబెట్టే విషయంలో మాత్రం ఒక్కరోజు కూడా ఇవ్వకండి. సంబంధాల గురించి ముందుగా పెద్దమ్మాయినే అడగండి; తోబుట్టువును దాచి పెళ్లి చేసుకోవడం ఆమెకు ఇష్టమో కాదో ఎవరూ అడిగినట్టు లేదు.

ఈ రాత్రి నలుగురికీ ఒకేచోట వడ్డించండి. ఆయన లేచిపోతే ఆయన పళ్లెం మీద మూతపెట్టండి, బిడ్డను మాత్రం లేవనివ్వకండి.