నక్షత్రాల ఫోటోల్లో రంగులు నిజమేనా?

"హబుల్, జేమ్స్ వెబ్ టెలిస్కోపులు ఉండగా, మామూలు కెమెరాలతో తీసిన ఆకాశం ఫోటోల్లో మెచ్చుకోవడానికి ఏముంది? ఆ రంగులైనా నిజమేనా?" అని అడిగారు.

రంగుల సంగతి ముందు తేల్చేస్తాను. జేమ్స్ వెబ్ చూసేది ప్రధానంగా పరారుణ కాంతిని. అది మన కంటికి అందదు కాబట్టి ఆ ఫోటోలకు రంగులు తర్వాత అద్దుతారు. వాటికి చేతులెత్తి మొక్కేవారే, పక్కింటి కుర్రవాడు తీసిన ఒరాయన్ నెబ్యులాలో (నక్షత్రాలు పుట్టే వాయు మేఘం అది) ఎరుపు కనిపిస్తే మొహం చిట్లిస్తారు. ఆ ఎరుపు హైడ్రోజన్‌ది, అక్కడ ఉన్నదే. మసక వెలుతురులో మన కన్ను రంగులు పట్టలేదు, కెమెరా ఓపికగా పోగుచేసుకుంటుంది. పెళ్లి ఆల్బమ్‌లో అమ్మాయి ముఖం మూడు ఛాయలు తెల్లబడితే ఎవరూ మాయ అనరు, విచిత్రం.

ఇక మెచ్చుకోవడం గురించి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సోంపేట దగ్గర. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి. అమావాస్య వెళ్లి అప్పటికి రెండు రోజులే. మబ్బు విడిచిన రాత్రి బయటికి వస్తే, అంతవరకు కొబ్బరి మట్టల సందుల్లోంచి ముక్కలుగా కనిపించే ఆకాశం మొత్తంగా కనిపించింది. నైరుతి నుంచి ఈశాన్యం దాకా పాలపుంత, దక్షిణాన ఎర్రగా కుజుడు. ఆ ఏడాది కుజుడు భూమికి బాగా దగ్గరగా వచ్చాడు. (చంద్రుడంత పెద్దగా కనిపిస్తాడని ఏటా ఫోన్లలో తిరిగే సందేశం మాత్రం శుద్ధ అబద్ధం. ఎవరు పంపినా తిరిగి తిట్టండి.)

మా బావ పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. ఒక్క బ్యాటరీలో ఛార్జింగు మిగిలింది. స్టాండు ఎక్కడుందో తెలియక, కూలిన కొబ్బరి మాను మీద తువ్వాలు మడిచి దాని మీద కెమెరా ఆనించాడు. వేలు తగిలి కదలకుండా టైమరు పెట్టి, ఇరవై సెకన్లు షట్టరు తెరిచి ఉంచాడు. లాంతరు వెలుగు పడి, పెళ్లగిలిన వేర్లు, వాటికి పట్టిన ఇసుక కింద స్పష్టంగా వచ్చాయి. పైన చుక్కలు కాస్త సాగి చిన్న గీతల్లా పడ్డాయి, భూమి తిరుగుతోంది కదా. ఈశాన్యం మూల బియ్యపు గింజంత మసక మరక, ఆండ్రోమెడా, మన పాలపుంత లాంటిదే మరో గెలాక్సీ. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం.

"తోట పోయి మనిషి ఏడుస్తుంటే మీకు చుక్కలు కావలసి వచ్చాయా?" అని అత్త కేకలేసింది. నష్టం రాసుకోవడానికి వచ్చినాయనకు మాత్రం ఆ ఫోటోనే చూపించింది. ఆయన చెట్లు లెక్కపెట్టుకున్నారు, పైనున్నదేమిటని అడగలేదు.

హబుల్ కక్ష్యలో కూర్చుని ఎన్ని తీసినా ఆ ఫోటో తీయలేదు. అందుకే ఎక్కడ తీశారో, ఎంతసేపు తీశారో రాయని ఆకాశం ఫోటోను, ఎంత మెరిసినా నేను మెచ్చుకోను. అన్నట్టు, ఇదే ఆండ్రోమెడా పక్కన పెద్ద ఆక్సిజన్ మేఘం ఉందని 2023లో బయటపెట్టింది ఔత్సాహికులే. పెద్ద టెలిస్కోపులు చూసేది ఆకాశంలో చిన్న ముక్కను, అంత వెడల్పైన పలుచని వెలుగు వాటికి చిక్కలేదు. ఓపిక ఉన్నవారికి చిక్కింది.

ఇప్పుడు మా కూడలిలో ఎత్తైన స్తంభం మీద తెల్లలైట్లు వేశారు. రోడ్డు కంటే ఆకాశాన్నే ఎక్కువ వెలిగిస్తున్నాయి. పైన రేకు మూత బిగించమని అడిగితే, "ఆకాశంలో ఏముందండీ?" అన్నారు. తీరం పొడవునా రొయ్యల చెరువుల లైట్లు సరేసరి. బావ మందస వైపు, మహేంద్రగిరి కొండల దిగువకు మారిపోయాడు. ఏప్రిల్, మే నెలల్లో అర్ధరాత్రి దాటాక అక్కడికి రండి, మూలా నక్షత్రం చుట్టుపక్కల పాలపుంత చిక్కగా ఉంటుంది. లెన్సు మీద చెమ్మ తుడవడానికి పొడి గుడ్డ తెచ్చుకోండి. ఒంటరిగా మాత్రం రావద్దు, జీడి తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి.