జడ్ డ్రైవ్‌ల పెట్టిన గిట్ ఎర్రర్ కొడ్తే ఏం చెయ్యాలె

బిడ్డా,

నీ మెసేజ్ చదివిన. ఆఫీసుల అందరు వాడే నెట్‌వర్క్ డ్రైవ్, అదే జడ్ డ్రైవ్‌ల ఉన్న ప్రాజెక్టు మీద గిట్ (కోడ్‌ల ఎవరు ఎప్పుడు ఏం మార్చిన్రో హిస్టరీ దాచే సాఫ్ట్‌వేర్) రోజుకో ఎర్రర్ కొడ్తున్నదని, ఓసారి ఓనర్‌షిప్ అంటున్నదని ఓసారి లాక్ ఫైల్ అంటున్నదని, మీ సార్ ఏమో డ్రైవ్ ఫార్మాట్ చేద్దాం అంటున్నడని రాసినవ్. ఫార్మాట్ మాట అస్సలు ఎత్తనియ్యకు. ముందుగాల అందరినీ పని ఆపమని చెప్పి ఆ ఫోల్డర్ మొత్తం, లోపల కనవడకుంట ఉండి హిస్టరీ దాచుకునే డాట్ గిట్ ఫోల్డర్‌తోని సహా వేరే హార్డ్‌డిస్క్‌లకు కాపీ చెయ్, ఇగ ఆ తర్వాత ఏం చేసినా ధైర్యంగ చెయ్యొచ్చు. మిర్చి సీజన్ మీద పడ్తున్నది, ఎనుమాముల మార్కెట్‌ల మీ బిల్లింగ్ ఆగితే కాంటా అయిపోయిన రైతు కూడ పట్టీ కోసం చీకటి పడేదాక కూసోవాలె, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

డ్యూబియస్ ఓనర్‌షిప్ అని వచ్చేదానికి భయపడకు, ఏం ఖరాబు కాలే. 2022 ఏప్రిల్‌ల గిట్ 2.35.2 వచ్చినప్పటి సంది ఫోల్డర్ ఎవరి పేరు మీద ఉన్నది, కమాండ్ కొట్టేది ఎవరు అని అది చూస్తది, ఇద్దరు వేరే అయితే అక్కడనే ఆగుతది. నలుగురు వాడే డ్రైవ్‌ల ఎవడన్న పై ఫోల్డర్‌ల ఒక డాట్ గిట్ పెట్టి దాని కాన్ఫిగ్‌ల తన కమాండ్లు రాసి పెట్టిండనుకో, నువ్వు తెల్వక గిట్ స్టేటస్ కొట్టినా అవి నీ పేరు మీద నడిచే ప్రమాదం ఉండె, అందుకే ఈ కట్టడి పెట్టిన్రు. మీ నాస్ బాక్స్‌ల (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు దాచే డబ్బా) ఫైళ్ళు వేరే యూజర్ పేరు మీద కనవడ్తయి కాబట్టి మీకు ఇది వస్తున్నది. ఎర్రర్ కిందనే సేఫ్ డాట్ డైరెక్టరీ అని ఒక లైన్ ఇస్తది చూడు, దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి కొట్టు, ముందు పర్సెంట్ గుర్తు, ప్రిఫిక్స్ అని వింతగ ఏదన్న కనవడ్డా తీసెయ్యకు, విండోస్‌ల నెట్‌వర్క్ పాత్‌కు అట్లనే ఉంటది. ఎవరన్న పాత్ బదులు స్టార్ గుర్తు పెట్టుమంటే మాత్రం పెట్టకు, అప్పుడు ఏ ఫోల్డర్‌కూ చెకింగ్ ఉండది.

ఇండెక్స్ డాట్ లాక్ సంగతి వేరే, దీని కాడ జెర ఆగాలె. గిట్ తన ఇండెక్స్ (ఏ మార్పులు హిస్టరీకి ఎక్కాలెనో రాసుకునే లిస్టు) మార్చేటప్పుడు ముందు ఆ పేరుతోని ఒక ఫైల్ చేస్తది, పని అయినంక దాన్నే అసలు ఇండెక్స్ చేస్తది, మధ్యల వైఫై పోయినా కరెంటు పోయినా ఆ ఫైల్ అట్లనే మిగుల్తది. మీ ఆఫీసుల చూడంగనే డిలీట్ కొడ్తున్నరు, కని అది నిజంగనే మీ పక్క సీటు పిల్లగాడు కమిట్ చేస్తున్న (మార్పులు హిస్టరీల ఎక్కిస్తున్న) ఫైల్ అయితే ఏంగావాలె? ముందు ఫైల్ టైమ్ చూడు, అందరినీ అడుగు, ఎడిటర్లు బంద్ చేయించు ఎందుకంటే వీఎస్ కోడ్ అసొంటివి ఎనక గిట్ నడిపిస్తనే ఉంటయి, సర్వర్ విండోస్ అయితే కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌ల షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూస్తే ఎవరి పేరు మీద తెరిచి ఉన్నదో కనవడ్తది. ఎవరూ లేరని తేలినంకనే తియ్యి.

అసలు రోగం మాత్రం ఒకే వర్కింగ్ ఫోల్డర్‌ల ముగ్గురు కూసొని పని చేసుడు. ఒకే నోట్‌బుక్‌ల ముగ్గురు ఒక్కసారే రాసినట్టు, నువ్వు బ్రాంచ్ (అదే కోడ్‌ల వేరే పాయ) మారిస్తే పక్కోళ్ళ ముందట ఫైళ్ళు మారిపోతయి. గిట్ స్టేటస్ నిమిషాలు తీసుకునుడు కూడ ఆ ఫోల్డర్ నెట్‌వర్క్ డ్రైవ్‌ల ఉండుడుతోనే, అది ఒక్కో ఫైల్ మారిందా అని అడుగుతది, ప్రతి అడుగుడు నెట్‌వర్క్ మీద పోయి రావాలె. గందుకే జడ్ డ్రైవ్‌ల బేర్ రిపో (వర్కింగ్ ఫైళ్ళు లేకుంట హిస్టరీ మాత్రమే ఉండేది) ఒక్కటే పెట్టున్రి, గిట్ ఇనిట్‌కు బేర్ ఆప్షన్ ఇస్తే చాలు, అందరు ఎవరి సీ డ్రైవ్‌లకు వాళ్ళు క్లోన్ (హిస్టరీతోని సహా కాపీ) చేసుకొని పని చేసి పుష్ కొట్టున్రి, అంటే మార్పులు బేర్ రిపోకు పంపున్రి. మూలకు పడ్డ పాత మిషిన్ ఏదన్న ఉంటే లైనక్స్ ఎక్కించి ఎస్‌ఎస్‌హెచ్ (వేరే మిషిన్‌కు భద్రంగ కనెక్ట్ అయ్యే పద్ధతి) మీద పెట్టుకుంటే ఇంకా మంచిది, నా మాట అడిగితే అదే చెయ్యమంట.

చిన్నయి రెండు. అడ్మిన్‌గ టెర్మినల్ తెరిస్తే జడ్ డ్రైవే లేదంటది, విండోస్‌ల మ్యాప్ చేసిన డ్రైవ్ మామూలు లాగిన్‌కు ఒక తీరు అడ్మిన్‌కు ఒక తీరు, మామూలుగ తెరువు. లైనక్స్ సిస్టమ్‌ల ఫైళ్ళన్నీ మారినట్టు కనవడి, ఏం మారిందో చూపే డిఫ్‌ల ఓల్డ్ మోడ్ న్యూ మోడ్ అని తప్ప ఇంకేం లేకుంటే గిట్ సెట్టింగ్‌లల కోర్ డాట్ ఫైల్‌మోడ్ ఫాల్స్ పెట్టు.

పాత బిల్లింగ్ కోడ్ ఇంక గిట్ అసొంటిదే అయిన ఎస్‌వీఎన్‌లనే ఉన్నదంటివి గద. 2011ల వచ్చిన 1.7 సంది దాని వర్కింగ్ కాపీల ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఉంటది, నెట్‌వర్క్ డ్రైవ్‌ల లాకింగ్ సరిగ్గ పని చెయ్యకుంటే డేటాబేస్ ఈజ్ లాక్డ్ అని వస్తది. అందరు బయటికొచ్చినంక ఎస్‌వీఎన్ క్లీనప్ కొట్టు, చెక్అవుట్ (ఆ వర్కింగ్ కాపీ) మాత్రం లోకల్ డ్రైవ్‌లనే పెట్టుకో.

మళ్ళ గిట్ సంగతికొస్తే, ఆబ్జెక్ట్ ఫైల్ ఈజ్ ఎంప్టీ అని వస్తే రాస్తుంటే మధ్యల తెగినట్టు. ఏం తీసెయ్యకుంట గిట్ ఎఫ్‌ఎస్‌సీకే (రిపో చెకింగ్ చేసే కమాండ్) కొట్టి ఏం పోయినయో చూడు. ఎవరి సిస్టమ్‌లన్న ఫుల్ క్లోన్ ఉంటే అందుల హిస్టరీ మొత్తం ఉంటది, అందరికంటే లేటెస్ట్ క్లోన్ నుంచి కొత్త బేర్ రిపో చేసి మిగిలినోళ్ళతోని వాళ్ళ వాళ్ళ బ్రాంచ్‌లు పుష్ చేయించు. శనివారం శనివారం గిట్ బండిల్‌తోని రిపో మొత్తం ఒక్క ఫైల్ చేసి పెన్‌డ్రైవ్‌ల ఇంటికి తెచ్చుకో, మీ సార్‌ను అడిగి.

ఈసారి ఎర్రర్ వస్తే ఫోన్‌తోని ఫోటో తియ్యకు, అక్షరాలు సగం కోసుకపోతున్నయి, మెసేజ్ మొత్తం కాపీ చేసి గిట్ వర్షన్‌తోని కలిపి పంపు. రాత్రి తొమ్మిది దాటినంక ఫోన్ చేసినా ఎత్తుత.

మీ పెద్దనాయిన
హనుమకొండ