మీ నాన్న మాత్రల సంచి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ నాన్నని ఊరి నుంచి హైదరాబాద్ తెచ్చేసుకుంటున్నావని మీ పిన్ని చెప్పింది. మా చెల్లెలు బతికుంటే ఎంత మురిసిపోయేదో! నాకు సంతోషంతో పాటు టెన్షన్ కూడా పట్టుకుంది. 76 ఏళ్ళ మనిషి. కోనసీమ వదిలి ఎక్కడా నాలుగు రోజులు నిలిచినవాడు కాదు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో ఆఫీసు కాల్ వచ్చిందని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

బాత్‌రూమ్ సంగతి నీకు తెలిసే ఉంటుంది. కమోడ్ పక్కనా, స్నానం చేసే చోటా గోడకి గట్టి కడ్డీలు బిగించు. తువ్వాలు ఆరేసే రాడ్డు మనిషి బరువుకి ఊడొస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. రాత్రిపూట మంచం నుంచి బాత్‌రూమ్ దాకా వెలుతురు ఉండాలి. 70 దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, ఆధార్‌తో అది కూడా చేయించు.

నా భయమంతా మాత్రల గురించే.

మా మామగారిని పల్లె నుంచి తెనాలి తీసుకొచ్చినప్పుడు ఏం జరిగిందో మీ అమ్మకి తెలుసు, నీకు తెలియదు. ఆయనకి అప్పటికే చాలా ఏళ్ళుగా బీపీ. ఊళ్ళో డాక్టరుగారు ఇచ్చిన మాత్ర వేసుకునేవారు. ఇక్కడికి రాగానే మీ పెదనాన్న మంచి డాక్టరుకే చూపించారు. ఆయన బీపీకి ఒక మాత్ర రాశారు. పాత చీటీ ఊళ్ళోనే ఉండిపోయింది, పాత మాత్ర పేరు ఎవరికీ గుర్తులేదు. మామగారు మాత్రం తన ట్రంకు పెట్టెలో ఆ పాత అట్టలు తెచ్చుకున్నారు. పొద్దున మేమిచ్చిన మాత్ర వేసుకుని, మధ్యాహ్నం భోజనమయ్యాక పెట్టె తీసి అది కూడా వేసుకునేవారు. రెండిటి మీదా కంపెనీ పేర్లు వేరు, లోపలి మందు ఒకటే, ఆమ్లోడిపిన్.

కొన్నాళ్ళకి పాదాలు వాచాయి. ఆ మందు ఎక్కువైతే కాళ్ళు వాస్తాయని మాకేం తెలుసు? ప్రయాణం బడలిక అనుకున్నాం, తర్వాత వయసనుకున్నాం. ఆ వాపు తగ్గడానికి ఇంకొకరు నీరు పోయే మాత్ర రాశారు. దాన్ని రాత్రి భోజనమయ్యాక వేసేవాళ్ళం. దాంతో రాత్రంతా లేవడమే. అసలే రెండింతలు పడ్డ బీపీ మందు, పైగా ఒంట్లో నీరంతా పోతోంది, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. ఒకనాడు తెల్లవారుజామున అలా లేచి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ జరిగింది. తర్వాత బతికినన్నాళ్ళూ వాకర్ లేకుండా గుమ్మం దాటలేదు.

ఆసుపత్రిలో ఒక నర్సమ్మ ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెమ్మంటే అప్పుడు ట్రంకు పెట్టె తెరిచాం. ఆ అమ్మాయి అట్టల వెనక చిన్న అక్షరాలు చదివి చెప్పింది. ఎందుకు చెప్పలేదు నాన్నా అని మీ పెదనాన్న అడిగితే, "ఆ డాక్టరుగారు నా ప్రాణం నిలిపిన మనిషిరా, ఆయన మందు ఎలా మానేస్తాను?" అన్నారు. కళ్ళు తిరుగుతున్న సంగతి కూడా ఆయనకి ముందే తెలుసు. చెబితే ఉదయం గుడికి మేం వెళ్ళనివ్వమేమోనని దాచుకున్నారు.

అందుకని బుజ్జీ, మీ నాన్న సామాను సర్దేటప్పుడే ఇంట్లో ఉన్న మాత్రలు, టానిక్కులు, ఆయుర్వేదం పొట్లాలు, పాత చీటీలు అన్నీ ఒక సంచిలో వేసుకురా. పై పేరు కాదు, కింద ఉండే మందు పేరు చదివి కాగితం మీద రాయి. ఆ సంచీ కాగితం రెండూ డాక్టరు బల్ల మీద పెట్టు. కొత్తది ఏది రాసినా, ఇది దేనికి, దీనికి బదులుగా ఏది మానాలి అని అడుగు. నీ అంతట నువ్వు మాత్రం ఏదీ మాన్పించకు. నీరు పోయే మాత్ర ఉంటే పొద్దున వేసుకోవచ్చా అని అడుగు. బీపీ కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడమను. నిద్ర లేచాక మంచం అంచున కాసేపు కూర్చుని, ఆ తర్వాతే లేవడం అలవాటు చెయ్యి. మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు బీపీ, షుగరు ఉన్నవాళ్ళకి కిడ్నీల మీద దెబ్బకొడతాయి. నిద్రమాత్రలతో తూలి పడతారు. రెండూ డాక్టరు రాయకుండా ఇంట్లోకి రానివ్వకు.

కార్తీక సోమవారాలు ఆయన ఉపవాసం ఉంటారు కదా. కొన్ని షుగరు మాత్రలు వేసుకుని తినకుండా ఉంటే షుగరు పడిపోవచ్చు. ముందే డాక్టరుని అడిగి పెట్టుకో. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపిస్తే షుగరు మిషన్‌తో చూడు. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకు, 108కి ఫోన్ చెయ్యి. ఇంకోటి, నిన్నటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే వయసు మీద పడిందని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెద్దవాళ్ళకి అలా అవుతుంది. ఆ రోజే చూపించు.

నీకొక చెడ్డ అలవాటుంది, చెబితే కోపం తెచ్చుకోకు. దబాయించి అడుగుతావు. "పడ్డావా? ఎందుకు చెప్పలేదు?" అని నిలదీస్తే మీ నాన్న ఇంకోసారి చెప్పరు. మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ కాఫీ గ్లాసుతో పాటు మాత్ర కూడా చేతిలో పెట్టేది. ఏ మాత్ర దేనికో ఆయనకి తెలియదు, తెలుసుకునే అవసరమూ రాలేదు. ఇప్పుడు కూతుర్ని అడగడానికి మొహమాటం. కాఫీ వేళకి ఆయన పక్కన కూర్చుని ముందు ఊరి కబుర్లు చెప్పించు, కాళ్ళనొప్పుల సంగతి వాటి మధ్యలో అదే వస్తుంది. అన్నిటికీ ఊఁ ఊఁ అంటున్నారంటే వినపడక కావచ్చు, చెవుల పరీక్ష చేయించు.

పనులన్నీ లాక్కోకు. పాల ప్యాకెట్లు ఆయన్నే తెమ్మను, కూరగాయలు ఆయన్నే బేరమాడి కొనమను. కాళ్ళలో బలం నడిస్తేనే ఉంటుంది. రోజూ పప్పో, గుడ్డో, పెరుగో కడుపునిండా తినాలి, ముసలితనంలో చారన్నం చాలనుకోవడం తప్పు.

ఊళ్ళో ఇల్లు ఇప్పుడే అమ్మించకండి. తిరిగి వెళ్ళడానికి తనకో చోటుందని తెలిస్తే ఆయన మీ దగ్గర మనసుపెట్టి ఉంటారు. మీ అన్నయ్య గిఫ్టు డీడ్ మాట ఎత్తుతున్నాడట. ఎవరికి రాసినా, చివరిదాకా చూసుకోవాలనే షరతు కాగితం మీద ఉండాలి. అప్పుడే చూడకపోతే తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గరికెళ్ళి రద్దు చేయించుకోవచ్చు. నా మాటైతే ఆయన ఉన్నంతకాలం అన్నీ ఆయన పేరునే ఉండనివ్వండి. నువ్వూ అడగొద్దు.

రైలు టికెట్ కింది బెర్తుకే తియ్యి.

చివరగా నీ గురించి. సెలవులన్నీ ముందే వాడెయ్యకు, నీ నడుం నొప్పి సంగతి కూడా చూపించుకో. సంక్రాంతి అయ్యాక నేను వచ్చి ఒక నెల మీ ఇంట్లో ఉంటాను. మీ నాన్నని నేను చూసుకుంటాను, నువ్వూ అల్లుడుగారూ పిల్లల్ని తీసుకుని ఎటైనా వెళ్ళి రండి. మొహమాటపడకుండా తేదీలు చెప్పు, టికెట్ తీసుకుంటాను.

మీ పెద్దమ్మ
తెనాలి